పాత ఆటకు రద్దు సర్క్యులర్ రాదు

(సూరత్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు మాట్లాడేవాడికి రెండు బాధ్యతలుంటాయి. పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి, వేళకు ముగించాలి. రెండోదానికి నేను హామీ. మొదటిదాని సంగతి విన్నాక మీరే తేల్చండి.

మన ఉద్యోగంలో అందరికీ కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది. కొత్త సర్క్యులర్ ఏది వచ్చినా, ఈ విషయమై ఇంతకు ముందు ఇచ్చిన ఆదేశాలన్నీ రద్దయినట్టే అని అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. నిన్నటిదాకా ఫైల్లో భద్రంగా పెట్టుకున్న కాగితం ఆ ఒక్క వాక్యంతో చిత్తుకాగితం అవుతుంది. బ్యాంకు నడవాలంటే అలాగే ఉండాలి. ఒక బ్రాంచిలో పాత రూలు, పక్క బ్రాంచిలో కొత్త రూలు అంటే ఖాతాదారు ఊరుకోడు, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు అసలే ఊరుకోరు.

ఈ వాక్యం చెల్లని చోటు ఒకటుంది. అది ఆట. ఆటకు కొత్త ఎడిషన్ వస్తుంది, దాంతో పాతది పోవాలని ఎక్కడా లేదు. కంపెనీ అచ్చు ఆపేసినా, చివరికి కంపెనీయే చేతులు మారినా, పాత ఎడిషన్‌ను పట్టుకుని ఆడేవాళ్ళు ఉంటూనే ఉంటారు. ఎందుకలా? ఈ సాయంత్రం నా ప్రశ్న అదే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరు ఇక్కడున్న పిల్లల్లో కొందరికి తెలిసే ఉంటుంది. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో పిల్లలు బల్ల చుట్టూ చేరి ఆడేది అదే. పెద్దల కోసం రెండు మాటల్లో చెబుతాను. ఇది కూర్చున్న చోటే నోటితో ఆడే ఆట. ఒకరు సూత్రధారి. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది. ఏం చేస్తారు?" అంటాడు సూత్రధారి. ఎవరేం చేస్తారో వాళ్ళే చెప్పాలి. అవుతుందో కాదో తేలనిచోట పాచికలు వేస్తారు. రంగు పూసుకోని వీధినాటకం అనుకోండి. ముందే రాసిపెట్టిన సంభాషణ మాత్రం ఉండదు.

దీన్ని 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. గైగాక్స్ అంతకు ముందు ఇన్సూరెన్స్ కంపెనీలో అండర్‌రైటర్. అంటే ప్రమాదాన్ని పట్టికల్లో పెట్టి లెక్కగట్టడం ఆయన వృత్తి. ఆ విధంగా మనకు దూరపు చుట్టమే. ఒక పెట్టెలో మూడు సన్నని పుస్తకాలు, మొదటి విడత వెయ్యి పెట్టెలు. ఆ తర్వాత ఎడిషన్ల మీద ఎడిషన్లు వచ్చాయి. 1981లో వచ్చిన బేసిక్ పుస్తకం 64 పేజీలు. 1989లో రెండో ఎడిషన్, 2000లో మూడోది, 2008లో నాలుగోది, 2014లో ఐదోది, 2024లో దానికి సవరించిన రూపం. ఐదో ఎడిషన్ నాటికి ముఖ్యమైన పుస్తకాలు మూడు, ఒక్కొక్కటి 300 పేజీలకు పైమాటే.

మేనేజ్‌మెంట్ క్లాసుల్లో మాకు ఒక బొమ్మ గీసి చూపించేవారు. ఏ సరుకైనా పుడుతుంది, పెరుగుతుంది, కొంతకాలం నిలకడగా ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. ఆ బొమ్మ ప్రకారం 1981 పుస్తకం ఎప్పుడో అటకెక్కాలి. దాన్ని అచ్చువేసిన టీఎస్సార్ కంపెనీ కూడా నిలవలేదు. అప్పుల భారంతో కుంగిపోతే 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనేసింది. అయినా ఆట పోలేదు. మూడో ఎడిషన్‌తో పాటు 2000లో ఆ కంపెనీ ఒక లైసెన్సు ఇచ్చింది. తమ నియమాల పాఠాన్ని ఇతరులు వాడుకుని సొంత పుస్తకాలు వేసుకోవచ్చన్నది. పాత ఆట మీద మమకారం ఉన్నవాళ్ళు ఆ సందులోంచి దూరి పాత ఎడిషన్లను కొత్త మాటల్లో మళ్ళీ కూర్చారు. 2006లో ఓస్రిక్, 2007లో లాబిరింత్ లార్డ్, 2019లో ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ అలా వచ్చినవే. ఆటాడే పద్ధతికి కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన మాటలకే ఉంటుంది. ఆ తేడా వీళ్ళకు అక్కరకొచ్చింది. చివరికి కంపెనీయే 2013లో తన పాత పుస్తకాలను పీడీఎఫ్‌లుగా మళ్ళీ అమ్మకానికి పెట్టింది. మూసేసిన ఖాతాను ఖాతాదార్లే వచ్చి మళ్ళీ తెరిపించారన్నమాట.

ఇదంతా చిన్ననాటి జ్ఞాపకాల మోజు అని కొట్టిపారేయవచ్చు. కొందరి విషయంలో నిజమే కావచ్చు. కానీ ఆ పాత ఎడిషన్లను ఇవాళ ఆడేవాళ్ళలో 1981 నాటికి పుట్టనివాళ్ళు కూడా ఉన్నారు. మా అమ్మాయే ఉంది. తను పుట్టేనాటికి ఆ పుస్తకానికి ముప్పై ఏళ్ళు. తనకు దాంతో ఏ జ్ఞాపకమూ లేదు. మరి తనకెందుకు నచ్చింది? మొన్న ఉత్తరాయణ్ సెలవుల్లో నాకు కొంత అర్థమైంది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా తమ్ముడి పిల్లలు వచ్చారు. పగలంతా డాబా మీద గాలిపటాలు, రాత్రి ఈ ఆట. 1981 పద్ధతిని మళ్ళీ కూర్చిన చిన్న నియమాల పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికితే మా అమ్మాయి దించుకుంది. తనే సూత్రధారి. పాడుబడ్డ గుళ్ళో రాతి నేల, ఎక్కడో గొయ్యి దాగి ఉంది, దాటాలి. పిల్లలు తేల్చుకోలేకపోతున్నారు. పక్కన మా అమ్మ సుర్తీ పాపడికి ఈనెలు తీస్తూ వింటోంది. ఆమెకు ఆట నియమం ఒక్కటీ తెలియదు. ఉన్నట్టుండి, "చెంబెడు నీళ్ళు పొయ్యుండ్రి పిల్లలూ. నీళ్ళు ఎటు గుంజుకపోతే అటే బొంద ఉంటది" అంది.

మా అమ్మాయి పుస్తకం తిరగేసింది. నేల మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో అందులో రాసి లేదు. ఒక్క నిమిషం ఆలోచించి, "నానమ్మ చెప్పినట్టు పోశారు. నీళ్ళు ఎడమవైపు మూడో పలక సందులోకి దిగిపోయాయి" అంది. పిల్లలు కేకలు పెట్టారు. అమ్మ మళ్ళీ పాపడి మీద పడింది. కానీ ఆ రాత్రి ఆట అయ్యేదాకా పడుకోలేదు.

కొత్త ఎడిషన్లలో ఇలాంటి చోట సాధారణంగా ఏం జరుగుతుందంటే, వేషానికి 'వెతకడం' అనో 'పరిశీలన' అనో ఒక నైపుణ్యం, దానికో అంకె ఉంటాయి. ఇరవై ముఖాల పాచిక వేసి, ఆ అంకె కలిపి, సరిపోతే గొయ్యి కనబడిందంటారు. అందులో తప్పేం లేదు. తొందరగా తేలుతుంది, సూత్రధారి ఎవరైనా ఫలితం ఒకేలా ఉంటుంది. మంచి సూత్రధారి కొత్త ఎడిషన్‌లోనూ చెంబెడు నీళ్ళకు చోటిస్తాడు. కానీ పాత పుస్తకంలో ఆ చోటు ఖాళీగానే ఉంది. ఎవరో ఒకరు నింపక తప్పదు. నింపడానికి నియమాలు తెలియనక్కర్లేదు, లోకం తెలిస్తే చాలు. మట్టి ఇంట్లో పుట్టి, వానాకాలం నీళ్ళు ఎటు ఇంకుతాయో చూస్తూ పెరిగిన డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ బల్ల దగ్గర చోటు దొరికింది అందుకే.

ఈ పద్ధతిని మెచ్చేవాళ్ళు చెప్పే మాట కూడా అదే. నియమం కన్నా సూత్రధారి తీర్పు ముఖ్యమంటారు. నేను దానికి ఇంకొక్కటి కలుపుతాను. పాత ఎడిషన్ నిలవడానికి కారణం అందులో ఉన్నదొక్కటే అనుకోను. అందులో రాయకుండా వదిలేసినది కూడా కారణమే. రాయనిచోట మనుషులు మాట్లాడుకోవాలి.

ఇక మన ఆటలోకి వద్దాం. అష్టాచమ్మ.

ఈ ఊళ్ళో తెలుగు మన ట్రాన్స్‌ఫర్లతో రాలేదు. మనకన్నా ముందే కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పనికి ఇక్కడికి వచ్చాయి. లింబాయత్ వైపు వెళితే సందుల్లో తెలుగు వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. బతుకుదెరువుకు బయల్దేరినవాళ్ళు రైల్లో ఎంత సామాను తేగలరు? అష్టాచమ్మకు సామానే అక్కర్లేదు. సుద్దముక్కతో నేల మీద అయిదు వరసలు, అయిదు నిలువులు, ఇరవై అయిదు గళ్ళు. నాలుగు గవ్వలు, లేకపోతే ఒక పక్క అరగదీసిన నాలుగు చింతపిక్కలు. కాయలుగా గాజుముక్కలు, గులకరాళ్ళు, చీపురుపుల్లలు. నాలుగూ ఒకవైపు పడితే చమ్మ, నాలుగు. నాలుగూ రెండోవైపు పడితే అష్ట, ఎనిమిది. బయటి పదహారు గళ్ళు చుట్టి, లోపలి ఎనిమిదిలో ఎదురు తిరిగి, నడిమింట్లోకి చేరాలి.

ఇదే ఆట గుజరాతీ ఇళ్ళలోనూ ఉంది. ఇక్కడ ఇష్టో అంటారు, చోమల్ ఇష్టో అంటారు. మన అష్ట వాళ్ళ ఇష్టో. మైసూరు వైపు చౌకాబారా. ఒకే కుటుంబం, ఊరికో పేరు.

మా నాన్న పోయాక అమ్మను జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఇక్కడికి తీసుకొచ్చాం. ఆమెకు గుజరాతీ రాదు, హిందీ అంతంత మాత్రం. పగలు మేమిద్దరం ఆఫీసులకు, పిల్ల బడికి. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేది. సాయంత్రం వచ్చి "ఏం చేశావమ్మా?" అంటే "ఏముంటది బిడ్డా" అనేది. ఆ మాట ఈ హాల్లో చాలామంది ఇళ్ళలో వినబడుతూ ఉంటుందని నాకు తెలుసు. మనకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరుంటుంది, సీటుంటుంది, సంతకం పెట్టడానికి రిజిస్టరుంటుంది. మన వెంట వచ్చే పెద్దవాళ్ళకు ఇవేవీ ఉండవు.

మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. అందరూ బా అని పిలుస్తారు. ఒకరోజు మధ్యాహ్నం వరండాలో మనవడి కోసం ఆవిడ గళ్ళు గీస్తుంటే అమ్మ చూసింది. ఆ గళ్ళు చదవడానికి గుజరాతీ అక్కర్లేదు. వెళ్ళి ఎదురుగా కూర్చుంది. మూడో ఆటకే తగాదా వచ్చింది. ఎదుటివాళ్ళ కాయను ఒక్కదాన్నయినా చంపనిదే లోపలి గళ్ళలోకి పోరాదని మా ఊరి పద్ధతి. బా వాళ్ళింట్లో అలాంటి అడ్డు లేదు. ఆవిడ గుజరాతీలో, అమ్మ తెలుగులో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒడంబడిక కుదిరింది. సోమ, బుధ, శుక్రవారాల్లో మా ఊరి పద్ధతి, మిగతా రోజుల్లో వాళ్ళది. ఆదివారం సెలవు. ఇప్పుడు అమ్మకు 'కేమ్ ఛో' వచ్చు, బాకు 'చమ్మ' వచ్చు. సాయంత్రం నేను అడగకముందే ఆ రోజు ఎవరు తొండి చేశారో చెబుతుంది.

ఫోన్లో కూడా ఇలాంటి ఆటలున్నాయి. మన పచ్చీసు ఇంగ్లండు వెళ్ళి 1896లో లూడోగా పేటెంటు పుచ్చుకుంది, ఇప్పుడు యాప్ అయి తిరిగొచ్చింది. అందులో తగాదాకు తావు లేదు. నియమం యంత్రం చేతిలో ఉంటుంది. తప్పు పావు కదపలేం, తొండి చేయలేం. అదే దాని సుగుణం. కానీ అమ్మకూ బాకూ స్నేహం కుదిరింది ఆ తగాదాలోనే. ఇంకో సంగతి, సుద్దతో గీసిన గళ్ళకు 'సర్వర్ డౌన్' ఉండదు. ఆ రెండు మాటలకు విలువ మన కౌంటర్లలో కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

వైకుంఠపాళి కథ ఇంకో పాఠం చెబుతుంది. పరమపద సోపాన పటంలో గడులకు పేర్లుండేవి. మంచి గుణం దగ్గర నిచ్చెన, చెడ్డ గుణం దగ్గర పాము, పైన వైకుంఠం. ఈ గుజరాత్‌లో జైనులకు జ్ఞాన్ చౌపర్ ఉంది. వాళ్ళ పటాల్లో తరచుగా 84 గళ్ళు, పైన మోక్షం. పర్యూషణ్ రోజుల్లో ఆడేవారు. ఆడేవాడు ఆ పటం మీద ఒక జీవుడి వేషం కట్టినట్టే. ఈ ఆట ఇంగ్లండు వెళ్ళింది. 1890ల్లో అక్కడ అచ్చయినప్పుడు మొదట వాళ్ళ కాలపు నీతులు గడుల్లో చేరాయి. క్రమంగా అవీ రాలిపోయి అంకెలు మిగిలాయి. పాత పటాల్లో నిచ్చెనల కన్నా పాములు ఎక్కువగా ఉండేవి. కొత్తవాటిలో రెండూ ఇంచుమించు సమానమయ్యాయి. పిల్లలు ఏడవకుండా ఆడుకోవడానికి బాగుంది. కానీ 'అహంకారం' అని రాసి ఉన్న గడిలో పాము మింగితే, "నానమ్మా, అహంకారం అంటే?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక కథ వస్తుంది. అంకె మీద పాము మింగితే అడగడానికేముంది? పేరు పోవడంతో ప్రశ్న పోయింది, ప్రశ్నతో పాటు కథ చెప్పేవాళ్ళ అవసరమూ పోయింది.

పాతదల్లా బంగారమని నేను అనడం లేదు. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ పుస్తకంలో స్త్రీ వేషాలకు బలం పురుషులకన్నా ఒక హద్దులోపలే ఉండాలని నియమం రాశారు. దాన్ని తర్వాతి ఎడిషన్లు తీసేయడం మంచి పని. రాయనిచోట తీర్పు ఒకరి చేతిలో పెడితే ఆ ఒకరు పక్షపాతి కావచ్చు. మన ఇళ్ళలో అష్టాచమ్మ తీర్పులు గారాబాల మనవడి వైపే ఎందుకు మొగ్గుతాయో అందరికీ తెలుసు. కొత్త ఎడిషన్ల స్పష్టమైన నియమాల వల్లే, నేర్పేవాళ్ళు దగ్గర లేని పిల్లలు కూడా పుస్తకం చూసి నేర్చుకోగలిగారు. కాబట్టి కొత్తది వద్దని చెప్పను. కొత్తది తెచ్చుకుంటున్నప్పుడు పాతదాంట్లో ఏ ఖాళీని పూడ్చేస్తున్నామో, అందులో ఎవరు కూర్చునేవారో ఒకసారి చూసుకోవాలంటాను.

మన ఉద్యోగానికీ ఇది కొంత వర్తిస్తుంది. కేవైసీలో సూత్రధారి తీర్పులు చెల్లవు. అక్కడ రాసింది రాసినట్టే చేయాలి. కానీ పింఛను కోసం వచ్చిన ముసలాయన వేలిముద్ర యంత్రంలో పడకపోతే ఆయనతో ఎలా మాట్లాడాలి, కుర్చీ చూపించాలా, క్యూలోనే నిలబెట్టాలా అన్నది ఏ సర్క్యులర్లోనూ లేదు. ఆ ఖాళీ మనకే వదిలారు. చెంబెడు నీళ్ళ పాటి ఆలోచన అక్కడ కావాలి.

ముగించే ముందు మీకో పని అప్పగిస్తాను. ఈ హాల్లో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో అష్టాచమ్మ ఎలా ఆడేవారో పెద్దవాళ్ళను అడిగి ఒక్క పేజీలో రాయండి. చంపనిదే లోపలికి పోవచ్చా? వరసగా మూడుసార్లు అష్ట పడితే లెక్కా, కొట్టివేతా? రెండు కాయలు ఒకే గడిలో ఉంటే జంటా? పిల్లలు రాయాలి, పెద్దలు చెప్పాలి. ఫోన్లో అడిగినా సరే. అందరివీ కలిపి మన పత్రికలో వేయమని సంపాదకవర్గాన్ని అడిగాను, ఒప్పుకున్నారు. ఏ రెండు పేజీలూ ఒకేలా ఉండవని నా నమ్మకం. ఏది సరైనదో తేల్చే సర్క్యులర్ మాత్రం ఎవరూ జారీ చేయరు.

హాలు వెనకాల నేల మీద నాలుగు చోట్ల గళ్ళు గీయించాను. గవ్వలు ఉన్నాయి. భోజనాలయ్యాక పిల్లలు, పెద్దలు కలిసి కూర్చోండి. తగాదా వస్తే నన్ను పిలవకండి, మీలో మీరే తేల్చుకోండి.